మావారి వైపు చుట్టాలు

వీధిలో అందరూ ఆమెను పార్లరావిడ అంటారు. ఇంటి ముందు గదిలో రెండు కుర్చీలు, గోడంతా అద్దం, తల కడిగే బేసిన్ ఒకటి పెట్టుకుని పదిహేనేళ్ళుగా చుట్టుపక్కల ఆడవాళ్ళ కనుబొమలూ జుట్టూ మొహాలూ ఆమే చూస్తోంది. ముందు గదికీ వెనక ఇంటికీ మధ్య తలుపు లేదు, పరదా ఉంది. దాని వెనకాల హాలు, హాలు పక్కన వంటిల్లు. పరదాకి చెవులు లేకపోయినా దాని ముందు కుర్చీలో కూర్చున్నవాళ్ళకు ఉంటాయి కాబట్టి, ఆ ఇంట్లో మొగుడూపెళ్ళాల తగాదాలన్నీ రాత్రి ఎనిమిదిన్నరకు పార్లర్ మూశాకే జరిగేవి.

ఒకరోజు పొద్దున వంటింటి అరలో వ్యాక్స్ డబ్బా మూత ఊడి పక్కన పడి ఉంది. చేతుల మీద వెంట్రుకలు తీసే ఆ వ్యాక్స్ ఆమె బజార్లో కొనదు. పంచదారా నిమ్మరసం కలిపి పాకం పట్టి తనే చేసుకుంటుంది. మూత అంచు చుట్టూ సన్నటి పళ్ళతో కొరికిన గుర్తులున్నాయి. డబ్బాలో పైన చిన్న గుంట, ఆ గుంటకు అంటుకుని బూడిదరంగు వెంట్రుకలు కొన్ని. తీపికి ఆశపడి దిగిన ఎలుక పొట్ట అంటుకుపోయి, ఎలాగో పీక్కుని వెళ్ళినట్టుంది. ఆమె సర్వీసు మొత్తంలో తన చేతి వ్యాక్స్ పెట్టించుకుని కిక్కురుమనకుండా వెళ్ళిపోయిన ప్రాణి అదొక్కటే.

భర్త లిఫ్టు మెకానిక్కు. సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి, అక్కణ్ణించే "స్టవ్వు వెనకాల ఒక ఎలు..." అని మొదలుపెట్టాడు. ఆ సమయంలో ఆమె ఒకావిడ కనుబొమ మీద దారం తిప్పుతోంది. చెయ్యి అదిరి, పోకూడని వెంట్రుకలు రెండు మూడు పోయాయి. "ఒక్క నిమిషం" అని పరదా దాటి వెళ్ళి, వేలు పెదాల మీద పెట్టుకుని, ఆ మాట ఈ ఇంట్లో పార్లర్ తెరిచి ఉన్నంతసేపూ వినపడకూడదని గుసగుసగా చెప్పింది. పార్లర్ అంటే శుభ్రం. ఆ మాట ఒక్కసారి వీధిలోకి పోయిందంటే తువ్వాళ్ళు ఎంత ఉతికినా, దువ్వెనలు ఎంత మరిగించినా ఎవరూ నమ్మరు.

భర్త ఆలోచించాడు. అతనికి ఇలాంటివి కొత్త కాదు. లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల జనం ఉన్నప్పుడు, పైనుంచి మెకానిక్కులు ఒకళ్ళతో ఒకళ్ళు లోపాల అసలు పేర్లతో మాట్లాడుకోరు. బ్రేకు పట్టేసిందంటే లోపలివాళ్ళు గోల పెడతారని, దానికి వేరే మాటేదో వాడతారు.

"చుట్టాలు అందాం" అన్నాడు.

ఎందుకని అడిగితే, చెప్పకుండా వస్తారు, ఉన్నదంతా తింటారు, పొమ్మన్నా పోరు అన్నాడు. ఆమెకు అందులో తప్పేమీ కనిపించలేదు. కొడుకు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు కాబట్టి ఇంకెవరికీ నేర్పనక్కర్లేదు. ఆ రోజు నుంచీ అదే మాట స్థిరపడింది.

భర్త పరదా వెనకాల నిలబడి, చుట్టాలు పొద్దున్నే లేచారనీ, బ్రెడ్డు ప్యాకెట్టు మొత్తం కానిచ్చేశారనీ చెప్పేవాడు. ఆమె ఇటువైపు ఎవరి మొహానికో క్రీము రాస్తూ, ఎంతమంది కనిపించారని అడిగేది. ఒకాయన పెద్దాయన, ఇద్దరు పిల్లలు అని జవాబు వచ్చేది. అదంతా ఎంత మామూలుగా సాగేదంటే, కొన్నాళ్ళకు వాళ్ళిద్దరే ఉన్నప్పుడు కూడా ఎలుక అనడం మానేశారు.

చేయాల్సినవన్నీ చేశారు. బోను పెట్టారు. లోపల పెట్టిన బ్రెడ్డుముక్క పోయేది, బోను తలుపు మాత్రం తెరిచింది తెరిచినట్టే ఉండేది. జిగురు అట్ట పరిచారు. దానికి భర్త సాక్సు అంటుకుని, సాక్సు వదులుకోవాల్సి వచ్చింది. మందు బిళ్ళలు పెడితే, వాటిని తినకుండా ఎక్కడికో మోసుకుపోయాయి. పోయిన దారి ఏదో చూద్దామని భర్త వంటింట్లో అరలన్నీ ఖాళీ చేసి, ఫ్రిజ్జు జరిపి, టార్చి వేసి గోడల మూలలన్నీ వెతికాడు. ఎక్కడా కన్నం లేదు. ముందు గదిలో కూడా చూద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. పార్లర్‌లో ఎలుకలుండవని చెప్పింది. వాటికి ఆ సంగతి ఎవరు చెప్పారని అతను అడగబోయి ఊరుకున్నాడు.

వ్యవహారం ముదిరింది బ్యాంకావిడ దగ్గర. ఆవిడ ఉండేది ఈ వీధిలోనే, ఊరికి అవతలి కొసన ఒక బ్యాంకులో కౌంటరు మీద పని చేస్తుంది, శనివారం శనివారం ఫేషియల్‌కి వస్తుంది. మాట మంచిది, మనిషి మంచిది, విన్నది మాత్రం కడుపులో ఆగదు. ఒక శనివారం పరదా వెనకాల నుంచి, చుట్టాలు సబ్బు కూడా తినేస్తున్నారని భర్త గొంతు వినపడింది. బ్యాంకావిడ కళ్ళు తెరిచి, ఇంటికి ఎవరైనా వచ్చారా అని అడిగింది.

లేదనడానికి లేదు. "ఆఁ, చుట్టాలండీ. మావారి వైపు" అంది పార్లరావిడ.

ఆ చివరి మాట ఎందుకన్నానా అని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది. తన వైపు అనొచ్చు, దూరపువాళ్ళనొచ్చు, అసలు వైపు సంగతి ఎత్తకుండా ఉండొచ్చు. కానీ సబ్బు తినేవాళ్ళు ఎవరి వైపు అనుకోగానే నోటికి అదే వచ్చింది.

బ్యాంకావిడకు అత్తవారి వైపు చుట్టాల విషయంలో బోలెడంత అనుభవం ఉంది. ఇక అప్పణ్ణించి ప్రతి శనివారం ఆవిడ అడగడం, ఈమె చెప్పడం. పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళు కూడా వినేవాళ్ళు, అయ్యో అనేవాళ్ళు. మొదట్లో ఆ అబద్ధం గొంతులో అడ్డం పడేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఆమె దానికి రుచి మరిగింది. చుట్టాలు చీకటి పడితే చాలు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారని చెప్పింది. దాచుకున్నవన్నీ వాసన పట్టేస్తారని చెప్పింది. ఇవన్నీ ఎలుకల విషయంలో అక్షరాలా నిజాలే. కానీ ఒక శనివారం, వాళ్ళు వంటింట్లోకి కూడా వస్తారా అని బ్యాంకావిడ అడిగితే, "వంటింట్లోనే ఉంటారు. నా గిన్నెలన్నీ కిందకి దించేసి వాళ్ళకి నచ్చినట్టు సర్దేసుకుంటారు" అనేసింది.

అన్నాక గానీ ఆమెకు తట్టలేదు, ఎలుకలు ఆ పని చేయవని. గిన్నెలు సర్దింది ఆడపడుచు. నిరుడు ఆవిడ ఇంట్లో బాత్‌రూము పైపులు మారుస్తుంటే నెల్లాళ్ళు ఇక్కడ ఉండి వెళ్ళింది. వచ్చిన రెండో రోజే, పైఅరల్లో ఉన్న గిన్నెలన్నీ దించి స్టవ్వు కింద బారుగా పెట్టేసింది. ఒక్క మాట అడగలేదు. పార్లరావిడ కూడా ఒక్క మాట అనలేదు. ఆవిడ వెళ్ళాక తిరిగి పైకి సర్దుకుంటూ, మొగుడితో కూడా అనకుండా మింగేసింది. ఏడాది తర్వాత ఆ ముక్క ఎలుకల మధ్యలో పడి బయటికి వచ్చింది. ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు. పైపెచ్చు ఆ సాయంత్రమంతా గుండె తేలిగ్గా ఉంది.

ఆడపడుచు టెలిఫోన్ ఆఫీసులో పని చేసి రిటైరైంది. ఊరికి అవతలి కొసన ఒక్కతే ఉంటుంది. ఆవిడ పెన్షను పడేది బ్యాంకావిడ కౌంటరు ఉన్న బ్యాంకులోనే. ఒకనాడు అక్కడ వరసలో నిలబడి, వంతు వచ్చాక ఏదో మాటల్లో, మా మరదలిది కూడా మీరు చెప్పే ఆ వీధే, పార్లర్ నడుపుతుంది అంది. బ్యాంకావిడ చేతిలో పని ఆపి, పాపం ఆవిణ్ణి భర్త వైపు చుట్టాలు ఎంత కాల్చుకు తింటున్నారో, ఎప్పుడు వదులుతారా అని ఆవిడ ఎలా ఎదురు చూస్తోందో, గబగబా చెప్పేసింది, వెనక వరస తొందరపెట్టడంతో గిన్నెల సంగతి దాకా పోలేదు. ఎదురుగా ఉన్న మనిషి పార్లరావిడకు వదిన అనుకుందే గానీ, అది ఏ వైపు వదినో ఆలోచించలేదు.

ఆడపడుచు అంతా విని, తన కాగితాలు తను తీసుకుని వచ్చేసింది. తమ్ముడి వైపు అని చెప్పుకోడానికి తల్లీ లేదు, తండ్రీ లేడు, బాబాయిలు లేరు. లోకంలో మిగిలింది తనొక్కతే, నిరుడు ఆ ఇంట్లో నెల్లాళ్ళు ఉన్నదీ తనే.

మర్నాడు రాత్రి, పార్లర్ మూసే వేళకు ఆవిడ సంచీతో సహా గుమ్మంలో దిగింది. మంచినీళ్ళు తాగి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఎదురుగా నిలబడ్డ తమ్ముణ్ణీ మరదల్నీ చూసి నెమ్మదిగా చెప్పింది.

"నేనెప్పుడు పోతానా అని ఎదురు చూస్తున్నారట. పోవాలంటే ముందు రావాలి కదా. అందుకని వచ్చాను."

భర్త "అక్కా, అది నీ గురించి కాదు. ఎలుకల గురించి" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ మాట ఆ ఇంట్లో పైకి వినపడింది.

ఆడపడుచు నమ్మలేదు. ఆవిడ స్థానంలో ఎవరున్నా నమ్మరు. మొగుడూపెళ్ళాలు కలిసి తన మొహం మీదే కథ అల్లుతున్నారనుకుంది. ఎలుకలుంటే ఎలుకలని చెప్పుకోవచ్చు కదా, మధ్యలో నా తమ్ముడి వైపు ఏం పాపం చేసిందని అడిగింది. భర్త రుజువులు చూపించడానికి బయల్దేరాడు. స్టవ్వు వెనక నుంచి కాగితంలో ఎలుక పెంటికలు ఊడ్చి తెచ్చాడు. ఆవిడ అద్దాలు పెట్టుకుని చూసి, టీపొడి అంది. కొరికిన సబ్బు తెస్తే, అరిగిన సబ్బు అంది. చివరికి అతను పాత వ్యాక్స్ డబ్బా తెచ్చి, పాకంలో అంటుకున్న వెంట్రుకలు చూపించాడు.

"వెంట్రుకలు పీకడం మీ ఆవిడ పని. అవి ఎవరివో నాకేం తెలుసు?" అంది.

రుజువు కావాలంటే ఎలుకే కనపడాలి. కనపడేదాకా కదలనని, కనపడకపోతే మాత్రం ఇక ఈ గడప తొక్కనని చెప్పి, ఆవిడ సంచీ తీసుకుని మేనల్లుడి గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఎలుకలు మాయమైపోయాయి. బ్రెడ్డు పెట్టింది పెట్టినట్టే ఉంది. మోసుకుపోయిన మందు బిళ్ళలు ఇన్నాళ్ళకు తిన్నాయో, కొత్త మనిషి వాసన పట్టి జాగ్రత్త పడ్డాయో, ఒక్కటీ తొంగి చూడలేదు. రాత్రి వంట కాగానే ముగ్గురూ వంటింట్లో చేరేవాళ్ళు. ఆడపడుచు ముక్కాలి పీట మీద, తీర్పు చెప్పబోయే జడ్జిలా కూర్చునేది. మొగుడూపెళ్ళాలు గోడకు ఆనుకుని నేల మీద కూర్చునేవాళ్ళు. లైటు ఉంటే రావని అతను లైటు తీసేశాడు. బోను చూసి భయపడుతున్నాయని బోను తీసేశాడు. మూడో రాత్రి చీజుముక్క కొని తెచ్చాడు, ఈ ఇంట్లో మనుషులకు అది ఎప్పుడూ కొనలేదు. చీకట్లో ముగ్గురూ ఊపిరి బిగబట్టి కూర్చుంటే, ఫ్రిజ్జు మాత్రం గురగురమంటూ ఆగుతూ మొదలవుతూ ఉండేది. ఇన్నాళ్ళూ ఎవర్ని తలుచుకుంటే ఒళ్ళు మండేదో వాళ్ళ కోసమే పార్లరావిడ మనసులో దణ్ణాలు పెట్టుకుంది. ఒక్కటి రానీ, పిల్లదైనా సరే, ఒక్కసారి ఇటు నుంచి అటు పోనీ అనుకుంది.

రాలేదు. ఆడపడుచు లేచి, మీ చుట్టాలకి మర్యాద తెలుసు, మీకే తెలీదు అని వెళ్ళి పడుకుంది.

శనివారం పొద్దున పార్లరావిడ ధైర్యం చేసి, వదిన జుట్టుకు రంగు వేస్తానంది. తెల్లబడ్డ పాపిట చూసి వచ్చిన రోజే అనుకుంది, అనే మొహం లేక ఊరుకుంది. ఆడపడుచు, చుట్టంగా అయితే వద్దు, అందరిలాగా నీ కుర్చీలో కూర్చుని వేయించుకుంటానంది. అలాగే అద్దం ముందు కూర్చుంది. రంగు కలిపి, పాయలు పాయలుగా తీసి, బ్రష్షుతో కుదుళ్ళ దగ్గర్నుంచి పట్టించి, నెత్తికి ప్లాస్టిక్ టోపీ పెట్టింది. అరగంట ఆగి కడగాలి.

ఈలోగా బ్యాంకావిడ వచ్చింది. శనివారమన్న సంగతి పార్లరావిడకు అప్పుడు గుర్తొచ్చింది. బ్యాంకావిడకు ఫోనులో ఎవరితోనో తొందర మాటలున్నాయి. ప్లాస్టిక్ టోపీ కింద ఉన్న మొహాన్ని చూడకుండానే రెండో కుర్చీలో వాలి, ఫోను పెట్టేసి కళ్ళు మూసుకుంది. పార్లరావిడ చేతులు వాటంతటవే పని చేశాయి. మొహం తుడిచింది, మట్టి ప్యాకు మందంగా పూసింది, కళ్ళ మీద రెండు కీరా ముక్కలు పెట్టింది. త్వరగా పూర్తి చేసి పంపేస్తే గండం గడుస్తుందనుకుంది. ప్యాకు ఆరేదాకా మాట్లాడకూడదని చెప్పింది కూడా.

బ్యాంకావిడ పెదాలు కదిలీ కదలకుండా మాట్లాడింది. "ఇంతకీ పోయారా మీ వాళ్ళు? ఆ గిన్నెలు సర్దే మనిషి?"

పార్లరావిడ మెల్లిగా తలెత్తి అద్దంలోకి చూసింది. అద్దంలో ఆడపడుచు ఆమెనే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ఇంతవరకూ ఉన్న పంతం కూడా లేదు. ఎక్కడో దెబ్బ తగిలి, ఎక్కడ తగిలిందో ఇంకా తెలియని మనిషి చూపు అది.

సరిగ్గా అప్పుడే బేసిన్ కింది నుంచి ఎలుక వచ్చింది.

దూది పెట్టెల వెనకాల నుంచి ముందు మూతి వచ్చింది, తర్వాత మిగతాది. లావుపాటిది. పొట్ట కింద ఒక పక్క బొచ్చు లేదు. తొందరేమీ లేనట్టు గోడ వారగా నడిచి, ట్రాలీ కింద పడ్డ కీరా ముక్క దగ్గర ఆగి, ముందుకాళ్ళతో పట్టుకుని తినడం మొదలుపెట్టింది. ఆడపడుచు కుడికాలికి జానెడు దూరంలో ఉంది. కుర్చీ చెయ్యి అడ్డం కాబట్టి ఆవిడకు కనపడలేదు. బ్యాంకావిడకు కళ్ళే లేవు. చూసింది పార్లరావిడ ఒక్కతే.

ఆమె ఊరుకుంటే ఎలుక తిని పోయేది. పార్లర్ పరువు దక్కేది. పదిహేనేళ్ళ పేరు, బ్యాంకావిడ నోరు, వీధి మొత్తం ఆమె కళ్ళ ముందు తిరిగాయి. అద్దంలో ఆ చూపు కూడా అలాగే ఉంది.

"వదినా, కదలకండి" అంది. "మెల్లిగా మీ కుడికాలి పక్కన చూడండి. ఎలుక."

ఆడపడుచు వంగి చూసింది. ఎలుక కూడా తలెత్తి ఆవిణ్ణి చూసింది. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు పరిశీలించుకున్నారు. తర్వాత అది మిగిలిన కీరా ముక్క నోట కరుచుకుని, వచ్చిన దారినే దూది పెట్టెల వెనక్కి వెళ్ళిపోయింది.

బ్యాంకావిడ రెండు కాళ్ళూ ఎత్తి కుర్చీలో ముడుచుకుంది. కళ్ళ మీద ముక్కలు మాత్రం తీయలేదు, ప్యాకు పగులుతుందని భయం. ఎలుకా అని అడిగింది. ఎలుకేనని పార్లరావిడ చెప్పింది. ఇక దాచడానికేమీ లేదు కాబట్టి అన్నీ చెప్పేసింది. తమ ఇంట్లో చుట్టాలంటే ఎలుకలేనని, పేరు పోతుందని అలా అనుకున్నామని, సబ్బూ బ్రెడ్డూ తిరుగుళ్ళూ అన్నీ వాటివేనని, భర్త వైపునా తన వైపునా ఎవరూ రాలేదని, పక్క కుర్చీలో ఉన్నది తన ఆడపడుచేనని, ఆవిడను తను ఒక్క మాటా అనలేదని చెప్పింది.

బ్యాంకావిడ ప్యాకు పగలకుండా పెదాల మధ్య నుంచి, తమ బ్యాంకు రికార్డు గదిలో కూడా ఉన్నాయని, బయటికి చెప్పొద్దని తమకి గట్టి ఆర్డరని చెప్పింది. ఏ మందు పెట్టారని కూడా అడిగింది.

ఆడపడుచు ఇంకా కిందికే చూస్తోంది. ఎలుక పోయినచోటు నుంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"సరే. ఎలుక ఉంది. చూశాను. మరి ఎలుకలు గిన్నెలు కూడా సర్దుతాయా?"

పార్లరావిడ చేతిలో ఉన్న తువ్వాలును రెండు మడతలు పెట్టింది. మళ్ళీ విప్పింది.

"లేదు వదినా. అది మీ గురించే."

బ్యాంకావిడ కుర్చీలో ఇంకాస్త ముడుచుకుంది. వినపడకుండా ఉండటానికి ఆవిడ చేయగలిగింది అంతే.

"నిరుడు అడక్కుండా సర్దేశారని మనసులో పెట్టుకున్నాను" అంది పార్లరావిడ. "మీతో అనాల్సింది. ఎలుకల పేరు పెట్టి ఊళ్ళోవాళ్ళతో అన్నాను."

ఆడపడుచు కుడిచెయ్యి పైకెత్తింది. మోచెయ్యి భుజం దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. ఆవిడ మొహం కొంచెం వంకర తిరిగింది. దించేసింది.

"ఇంతకన్నా లేవదు. రెండేళ్ళయింది. మీ పైఅరలు రోజూ అందక, ఎడమచేత్తో ఒక్కసారే అన్నీ దించుకున్నాను. అడిగితే ఎందుకని అడుగుతావు. చెప్తే తమ్ముడు డాక్టర్లూ పరీక్షలూ అని నన్ను ఊరంతా తిప్పుతాడు."

"తిప్పితే ఏమైంది?"

"ఏమని తేలుతుందోననే" అంది ఆవిడ.

పార్లరావిడ గోడ గడియారం వైపు చూసింది. అరగంట ఎప్పుడో దాటింది. వదినా లేవండి, రంగు కడగాలి అంది. లేవదీసి, బేసిన్ ముందు కూర్చోబెట్టి, వెనక్కి వాల్చబోతే భుజం దగ్గర ఆవిడ బిగుసుకుపోయింది. ఒక తువ్వాలు చుట్ట చుట్టి భుజం కిందా, ఇంకోటి మెడ కిందా పెట్టి, ఇప్పుడెలా ఉందని అడుగుతూ అడుగుతూ వాల్చింది. గోరువెచ్చటి నీళ్ళతో కడుగుతుంటే రంగు ధారలు ధారలుగా పోయింది. ఆడపడుచు కళ్ళు మూసుకుంది. ఒకసారి మాత్రం, నా కాళ్ళ దగ్గరికి అది మళ్ళీ వస్తోందేమో చూస్తూ ఉండమని చెప్పింది. చూస్తున్నానంది పార్లరావిడ.

రంగు అనుకున్నదానికన్నా బాగా ముదురుగా వచ్చింది. ఆడపడుచు అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, ఉద్యోగంలో చేరినప్పుడు ఇలాగే ఉండేదంది. రెండు కుర్చీల డబ్బులూ ఆ రోజు పార్లరావిడ తీసుకోలేదు. బ్యాంకావిడ వెళ్తూ వెళ్తూ ఆడపడుచు ముందు ఆగి, బ్యాంకులో ఏ పని ఉన్నా వరసలో నిలబడక్కర్లేదు, నేరుగా నా దగ్గరికి రండి అంది. క్షమాపణ అన్న మాట ఆవిడ వాడలేదు, ఆడపడుచు అడగలేదు.

మధ్యాహ్నం భర్త వచ్చి దూది పెట్టెలు జరిపి చూశాడు. బేసిన్ పైపు గోడలోకి పోయే చోట, పైపు చుట్టూ పిడికిలి పట్టేంత సందు ఉంది. పార్లర్ పెట్టినప్పుడు పైపు వేసినవాడు దాన్ని పూడ్చకుండా పోయాడు. దాని ముందు పెట్టెలు పేర్చింది పార్లరావిడే. సందు లోపల గోడ బోలుగా ఉంది, ఎలుకలు అక్కడ కాపురం పెట్టి, ముందు గదిలోంచి పరదా కిందుగా వంటింట్లోకి పోతున్నాయి. అతను భార్య వైపు చూశాడు. ఏమీ అనలేదు. అందుకు ఆమె తర్వాత అతనికి రెండుసార్లు టీ ఇచ్చింది.

వెంటనే పూడిస్తే లోపలివి లోపలే చచ్చి కంపు కొడతాయని, సందుకు ఎదురుగా బోను ఆనించి చుట్టూ అట్టలు అడ్డం పెట్టాడు. ఇంకో దారి లేకపోవడంతో ఈసారి అవి బోనులోకే రావాల్సి వచ్చింది. బొచ్చు ఊడినది ముందు పడింది, తర్వాత పిల్లలు పడ్డాయి. పడ్డవాటిని పడ్డట్టే స్కూటరు మీద పెట్టుకుని, ఊరి బయట ఖాళీ స్థలాలు దాటించి వదిలి వచ్చాడు. కొన్నాళ్ళు వరసగా బోను ఖాళీగా ఉన్నాక, ఒక సోమవారం సెలవు పెట్టి సిమెంటు తెచ్చాడు.

ఆడపడుచు ఇంకా అక్కడే ఉంది. తమ్ముడు ఆవిణ్ణి నిజంగానే డాక్టర్ల చుట్టూ తిప్పుతున్నాడు. భుజం కీలు బిగుసుకుపోయిందని, భయపడాల్సింది కాదని, రోజూ గోడ మీద వేళ్ళు పాకిస్తూ చెయ్యి పైకి జరపాలని చెప్పారు. వంటింటి గోడ మీద ఆవిడ వేళ్ళు ఎంతవరకు వచ్చాయో పార్లరావిడ కనుబొమల పెన్సిలుతో గీత పెడుతోంది. కోపం పూర్తిగా పోయిందని చెప్పలేం. కూరలో ఉప్పు తక్కువైనా ఎక్కువైనా, ఈ సంగతి కూడా బ్యాంకులో చెప్పమంటావా అని ఆవిడ అడుగుతూనే ఉంది. పార్లరావిడ మీ ఇష్టం వదినా అంటోంది.

సోమవారం భర్త బేసిన్ కింద వెల్లకిలా పడుకుని, సందులో ఇనుప జాలీ కుక్కుతున్నాడు. ఆడపడుచు కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో టార్చి పట్టుకుని, సిమెంటు పల్చగా కలిపావని, చిన్నప్పుడు కూడా నువ్వు పిండి పల్చగానే కలిపేవాడివని చెబుతోంది. బయట తలుపు మూసి ఉంది.

ఎవరో తలుపు తట్టారు. మూడో ఇంటావిడ. పెళ్ళికి వెళ్ళాలి, కనుబొమలు చేయించుకోవాలి, సోమవారం పూట పార్లర్ ఎందుకు మూశారని అడిగింది.

"ఎలుక కన్నం పూడుస్తున్నామండీ" అంది పార్లరావిడ. "సిమెంటు ఆరాలి. రేపు రండి."

మూడో ఇంటావిడ లోపలికి తొంగి చూసి, బేసిన్ కింద నుంచి బయటికి వచ్చి ఉన్న రెండు కాళ్ళనూ, టార్చినీ చూసి, పెళ్ళి ఇవాళే అంది.

పార్లరావిడ ఆవిణ్ణి పరదా దాటించి వంటింట్లోకి తీసుకెళ్ళి, కిటికీ వెలుగు పడేలా ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టింది. దారం ఒక కొస పళ్ళ మధ్య బిగించి, కొంచెం తల పైకెత్తమంది.